మా ఊరు దుంకిన రోజు

పోయిన వారం సంగతి. జడ్చర్లల మేముండే కిరాయి రూము పక్క జాగల ఎవరో పెద్ద బిల్డింగు లేపుతున్నరు. సెల్లారు కోసం తవ్వితె అడుగున అంత రాతిబండనే తగిలిందట. నేను, నా తోటి పిల్లలు మందుల కంపెనీల పొద్దుగాల డ్యూటీ చేసొచ్చి, ఇంత తిని అప్పుడే నడుం వాల్చినం. ఒక్కసారి దబ్బుమన్నది. కిటికీ అద్దాలు గలగలలాడినయి. గూట్ల గ్లాసులు ఒకదానికొకటి తాకి మోగినయి. నా తోటోళ్లు "భూకంపం! భూకంపం!" అని మొత్తుకుంట మెట్లు దిగి రోడ్డు మీద పడ్డరు. ఒకామె అయితె దిండు గూడ ఇడవలే, సంకల పెట్టుకొనే ఉరికింది. నేను మాత్రం మంచం దిగలే. కిటికీలకెళ్లి తొంగిచూసి, "గది భూకంపం గాదే, బండ పేల్చిండ్రు. ఇంకొకటుంటది. గది గూడ అయినంక పైకి రాండ్రి" అన్న.

అన్నట్టే ఇంకొకటి దబ్బుమన్నది.

పైకొచ్చినంక దిండు పట్టుకొని ఉరికినామె నన్ను అనుమానంగ చూసింది. "నీకెట్ల ఎరికె?"

"మేం బువ్వతో పాటు భూకంపం తిని పెరిగినోళ్లం" అన్న. వాళ్లు పరాచికం అనుకున్నరు. నేను నిజమే చెప్పిన.

నాకు ఇరవై దాటి ఎన్నో ఏండ్లు కాలే. చిన్ననాటి ముచ్చట్లు చెప్పాలంటె జర నెత్తి నెరవాలంటరు. గని నేను పెరిగిన ఊరు నాకంటె జల్దిగ మారిపోయింది. మా గుట్ట కింది చెల్కలు, గొర్లు మేసిన బీళ్లు ఇప్పుడు లేవు. అందుకే ఇంత చిన్నతనంల నాకు యాది చేసుకునే పని పడ్డది.

మా ఇల్లు ఊరికి చివర, గుట్టకు ఆనుకొని ఉండె. ఇంటిని ఆనుకొని గొర్ల దొడ్డి. చుట్టూ తుమ్మకంప, నడుమ గొర్రె పెంటికలు తొక్కి తొక్కి మెత్తగయిన నేల. వానకాలం వెళ్లినంక మా ఇంట్ల రెండు వాసనలుండేవి. ఒకటి తడిసి ఎండకేసిన గొంగళ్లది, ఇంకొకటి గడ్డివాముల మేం దాచిన సీతాఫలాలది. నాయిన పొద్దుగాల సద్ది కట్టుకొని గొర్లను తోలుకపోయేటోడు. అమ్మ బడిల పిల్లలకు పగటి బువ్వ వండేది. ఇంటికాడ అవ్వ ఉండేది, నాయినను కన్నతల్లి. అవ్వ జొన్నరొట్టె కొడుతుంటె ఆ సప్పుడుకే నాకు, తమ్మునికి ఆకలయ్యేది. పల్లీల తొక్కు నూరి, రొట్టె నడుమ గుంట చేసి అండ్ల పెట్టి ఇచ్చేది. గింత గొర్రెపాల జున్ను దొరికిన రోజైతె మేం ఇంట్లకెళ్లి కదిలేటోళ్లమే కాదు.

ఆ ఏడు సీతాఫలాలు కండ్లు తెరిసే దినాలల్ల గుట్టకు ఆవలి దిక్కు లారీలొచ్చినయి, రేకుల షెడ్లు లేసినయి. గుట్ట కడుపులకెళ్లి సొరంగం తవ్వుతరట, దాంట్లకెళ్లి మనకు నీళ్లొస్తయట అని ఊళ్లె అనుకున్నరు. మాకు నవ్వొచ్చింది. ఎండకాలం బోరింగు కొట్టి కొట్టి చేతులు కాయలు కాసినోళ్లం మేం. గుట్టల నుంచి నీళ్లొస్తయంటె ఎవరు నమ్ముతరు?

మొదటి పేలుడు బడిల గుడ్డు పెట్టే రోజు అయ్యింది. మేమంత వరండల వరుసగ కూసున్నం. అమ్మ గంజు పట్టుకొని అందరి తలెలల్ల గుడ్లు ఏసుకుంట వస్తున్నది. నా తలెల గుడ్డు పడంగనే కూసున్న జాగ కదిలింది. ముందు కింద గురగుర, ఎనుక పెద్ద సప్పుడు. తలెలు చిందులేసినయి. గుడ్లు గిర్రున తిరిగి కింద పడి దొర్లినయి. మా బడి మొత్తానికి ఒక్కడే సారు. ఆయన మాకు అంతకు కొన్ని దినాల ముందే భూకంపం పాఠం చెప్పి ఉండె.

"బల్లల కింద దూరుండ్రి!" అని అరిసిండు.

మా బడిల బల్లలు లేవు. సారుకు అది అప్పుడు యాదికొచ్చింది.

"అయితె బయటికి ఉరుకుండ్రి!" అన్నడు.

ఉరికినం. గని ఉత్తగ ఉరకలే, దొర్లుతున్న గుడ్లను ఏరుకుంట ఉరికినం. బయట అందరం ఒక్కకాడ నిలబడ్డంక చూస్తె మా తమ్ముని రెండు చేతులల్ల రెండు గుడ్లు, నోట్లె ఇంకొకటి. సారు "ఏమైనా తాకిందారా?" అని అడిగితె జవాబు చెప్పనీకి వానికి నోరు ఖాళీ లేదు.

ఊరంత తొవ్వ మీద ఉంది. అవ్వ పిండి చేతులతోనే వచ్చి మమ్మల్ని తడిమి చూసింది. ఇంతల షెడ్లకాడి నుంచి ఒకాయన బండి మీదొచ్చి, "ఏం లేదు, సొరంగంల బండ పేల్చినం. రోజూ పగటీలి ఉంటది. రేపటి సంది ముందుగాల సైరను కూత పెడతం, ఫికర్ చెయ్యకుండ్రి" అని చెప్పి పోయిండు.

అవ్వ ఆయన పోయిన దిక్కు చూసుకుంట అన్నది: "గుట్ట కడుపుల మందు పోసి పొడుస్తున్నరు. దానికి తేపులొస్తున్నయి, పాపం."

గా రోజు నుంచి మా ఊళ్లె దాన్ని పేలుడు అని ఎవరూ అనలే. "గుట్ట తేపిందా?" అంటె పగటి బువ్వ ఏళ అయ్యిందా అని అర్థం. సారు మాత్రం మరునాడు మాకు సరిగ్గ చెప్పిండు. భూకంపం ఒక్క భూమి లోపల్నుంచే పుట్టదట, మనిషి పెట్టిన మందుతోని గూడ నేల వణుకుతదట. చిన్నదైతె గిన్నెలు మోగుతయి, పెద్దదైతె ఇండ్లు కూలుతయి అన్నడు.

"సార్, మనది చిన్నదా పెద్దదా?" అని తమ్ముడు అడిగిండు.

"ఇప్పటికైతె చిన్నదే" అన్నడు సారు.

మాకు అంత చాలు. గా కూత వినబడంగనే మా ఆటలు మొదలయ్యేవి. చెంబుల నీళ్లు పోసి నేల మీద పెట్టి చుట్టూ కూసునేటోళ్లం. ముందు నీళ్ల మీద సన్నగ వలయాలు లేసేవి, ఎనుక సప్పుడు వినబడేది. ఎవరు ముందుగాల "వచ్చింది!" అంటె వాళ్లు గెలిచినట్టు. డప్పు కొట్టే తాతను బతిమాలి డప్పు తెచ్చుకొని దాని మీద చింతగింజలు పోస్తె, గుట్ట తేపినప్పుడు గింజలన్ని లేసి ఆడేవి. ఇంకొక లాభం గూడ ఉండె. గుట్ట మీద మాగిన సీతాఫలాలు పేలుడు దెబ్బకు తొడిమెలు ఊడి రాలేవి. బడి ఇడవంగనే ఉరికి ఏరుకునేటోళ్లం. రాళ్ల మీద పడి పగిలిన కాయల తీపి వాసన గా సందుల్ల నిండి ఉండేది. చీమలకంటె ముందు పోవాలె, అదే మా పందెం.

చలి మొదలయ్యే నాటికి బడి ఎనుక గోడకు పర్రె పడ్డది. ముందు గోటితో గీకినట్టు ఉండె. తర్వాత దాంట్ల తమ్ముని బలపం దూరింది, ఇంకొన్ని దినాలకు వాని చెయ్యే దూరింది. అవతలి దిక్కు నిలబడి నేను గా చేతిని పట్టుకొని గుంజితె వాడు ఏడిసిండు. సారు అది చూసి మా ఇద్దరిని తిట్టలే, గోడను చూసి భయపడ్డడు. లోపలికి పోవద్దని చెప్పి అందర్ని వరండల కూసోబెట్టిండు.

సొరంగం తవ్వే కంపెనీ నుంచి ఎర్ర టోపీ పెట్టుకున్న సారు ఒకాయన వచ్చి గోడ చూసిండు. "పాత గోడ, వానలకు నానింది. మా బ్లాస్టింగుకు గింత దూరం గోడలు పగలవు" అన్నడు. మా సారు పై ఆఫీసులకు తిరిగిండు. ఆడ ఇంకొక మాట చెప్పిండ్రు. గోడ ఎందుకు పగిలిందో తేలాలె, తేలేదాంక కొత్త బడి లేదు, అప్పటిదాంక పిల్లల్ని పెద్ద రోడ్డుకు అవతల ఉన్న ఊరి బడికి పంపుండ్రి అని.

ఆ మాట మా ఇంట్ల రొట్టెల కాడికొచ్చింది. నాయిన కోపంగ గాదు, మెల్లగనే అన్నడు: "గా రోడ్డు మీద లారీలు ఎట్ల పోతయో నేను రోజూ చూస్త. ఆడపిల్లను ఒక్కదాన్ని ఎట్ల పంపుత? తమ్ముడు చిన్నోడు, వాడు ఒక ఏడు ఆగుతడు. ఇది నా ఎంబడి గొర్లకాడికి వస్తది. దానికి గొర్లంటె పాణమే గద."

గొర్లంటె నాకు పాణమే. పుట్టిన పిల్లలకు పేర్లు పెట్టేది నేనే. గని గా మాట వినంగనే తింటున్న రొట్టె తలెల పెట్టేసిన. గొర్లకాడికి పోయిన ఆడపిల్లలు మళ్ల బడికి రాకుండ అట్లనే పెద్దగయ్యిండ్రు, మా ఊళ్లె ఇద్దరు ముగ్గురు ఉండిరి. అమ్మ నా దిక్కు చూసింది, నాయిన దిక్కు చూసింది.

"ఊరి పిల్లలందరికి గుడ్లు ఉడకబెడుతున్న. నా బిడ్డనే బడి మానితె నేను ఎవరికి ఉడకబెట్టాలె?" అన్నది.

నాయిన ఆ పూట సల్ల గూడ తాగకుండ లేసిండు.

చివరికి సారు పై ఆఫీసోళ్లను ఎట్ల ఒప్పించిండో గని, నేల ఎంత ఊగుతున్నదో కొలిచే మిషను తెప్పించుదాం అని తేలింది. కొలిచే మనిషి అటు కంపెనీకి గాదు, ఇటు ఊరికి గాదు, నడిమి మనిషి. అంత పెద్ద పనికి పెద్ద మీసాల ఆఫీసరొస్తడని మేం తొవ్వ మీద కాపు కాసినం. ఆటోల నుంచి సన్నటి అక్క దిగింది. ఒక చేతిల ఇనుప డబ్బ, ఇంకొక చేతిల ఇసుక సంచి.

"నమస్కారమండీ. నేను ఉండటానికి ఇక్కడ ఏదైనా గది దొరుకుతుందా అండీ?" అన్నది అవ్వతోని.

అవ్వ నోటి మీద చెయ్యేసుకున్నది. "అమ్మో, గీ పిల్ల టీవీలకెళ్లి దిగొచ్చిందా ఏంది!"

బడి పక్కన, గుట్ట కింద ఉన్నది మా ఇల్లే గాబట్టి మిషను మా వాకిట్లనే పెట్టాలన్నరు. అక్క గూడ మా ముందరింట్లనే దిగింది. ఊరంత ఆమెను మిషనక్క అన్నది. మిషనంటె మేం ఇంజను లెక్క ఉంటదనుకున్నం. తీరా చూస్తె అది కూజ అంత డబ్బ. దాని కింద మూడు ఇనుప ములుకులు. వాటిని నేలల గుచ్చి, కదలకుండ పైన ఇసుక సంచి పెట్టింది. దాని వైరు ఒక పెట్టెకు, గా పెట్టె ల్యాప్‌టాపుకు. నేల వణికితె తెర మీద గీత లేస్తది.

అవ్వ దాని చుట్టూ తిరిగి చూసి, "గింతేనా? దీనికి గుట్ట మాట వినబడుతదా?" అని అడిగింది.

"గుట్ట మాటే కాదండీ, మీరు గట్టిగా నడిచినా వినబడుతుంది" అన్నది అక్క. ఆ మాట మా చెవుల పడకుండ అంటె బాగుండె.

మొదటి రోజు పొద్దుమీకి గొర్లు ఇంటికొచ్చినయి. అక్క అన్ని గొర్లను ఒక్కసారి ఎన్నడూ చూసినట్టు లేదు, మంచమెక్కి నిలబడ్డది. మా పెద్ద పొట్టేలు తిన్నగ పోయి ఆమె చున్నీ కొస నోట్ల పెట్టుకున్నది. అక్క ఇటు గుంజుతది, అది అటు గుంజుతది.

"వదలండీ! అయ్యో, వదలండీ!" అన్నది అక్క.

పొట్టేలును గూడ అండీ అన్న మనిషిని మేం అదే మొదటిసారి చూసుడు. నాయిన నవ్వి నవ్వి దొడ్డి కంపకు ఆనుకున్నడు. బడి మాట వచ్చిన సంది నాయిన అట్ల నవ్వలేదు. అవ్వ పోయి పొట్టేలు మూతి మీద ఒకటిచ్చి, "ఇడవండీ!" అన్నది. అది వెంటనే ఇడిసింది.

రోజులు గడిసిన కొద్ది అక్క మాలో కలిసింది. రొట్టె కొట్టుడు నేర్చుకుంటనన్నది. ఆమె కొట్టిన మొదటి రొట్టెకు నాలుగు దిక్కుల కాళ్లొచ్చినయి. "ఇది రొట్టె గాదు బిడ్డా, తాబేలు" అన్నది అవ్వ. అయినా దాన్ని మేమే తిన్నం. పచ్చిపులుసుల ముంచుకొని తింటె తాబేలైనా బాగనే ఉంటది.

మా అల్లరి గురించి చెప్పాలె. గట్టిగ నడిచినా మిషనుకు వినబడుతదని తెలిసినంక ఊరి పిల్లలకు మా వాకిలి తీర్థమయ్యింది. ఒకడు బంతి కోసమని వచ్చి దబ్బున దుంకి పోతడు. ఒకామె నిప్పు అడగనీకి వచ్చి ఒంటికాలి మీద గెంతి పోతది. అక్క లోపల్నుంచి "ఎవరు ఎగిరింది?" అని ఉరికొచ్చేసరికి వాకిట్ల ఎవరూ ఉండరు. గీతల నడుమ మా గీతలు వచ్చి పడుతున్నయని ఆమెకు తల తిరిగిపోయింది. ఒకనాడు మా తమ్ముడు దొరికిండు. కొడతదనుకున్నం. కొట్టలే. అందర్ని పిలిచి గుండ్రంగ చేతులు పట్టుకొని నిలబడమన్నది. తను నడుమ నిలబడ్డది.

"ఇప్పుడు నేను బాంబునట. చూడండి" అని నడిమి నుంచి అందర్ని బయటికి నెట్టింది. అందరం ఎనుకకు పడ్డం. "బాంబు పేలితే ముందుగా అన్ని దిక్కులకూ ఇలాగే తోస్తుంది. అదే భూమి తనంతట తాను కదిలితే, లోపల రెండు బండలు ఒకదాని పక్కన ఒకటి జారతాయి. అప్పుడు కొందరిని తోస్తుంది, కొందరిని లాగుతుంది." ఈసారి కొందర్ని నెట్టింది, కొందర్ని గుంజింది. మేం ఒకరి మీద ఒకరం కుప్పగ పడ్డం.

మాకు గా ఆట ఎంత నచ్చిందంటె, బడి ముందర రోజూ బాంబు భూకంపం, సొంత భూకంపం ఆడేటోళ్లం. అక్క మాతోని ఒక ఒప్పందం చేసుకున్నది. మేం వాకిట్ల దుంకుడు బంద్ చేస్తె, ఒకరోజు కూత పెట్టినప్పుడు అందర్ని కూసోబెట్టి తెర మీద గీత లేసుడు చూపిస్తనన్నది.

ఆ రోజు వచ్చింది. సారు గూడ దాన్ని పాఠం లెక్క తీసుకున్నడు. పగటీలి బువ్వకు ముందు అందర్ని వరుసగ నడిపిచ్చుకొని మా వాకిట్లకు తోలుకొచ్చిండు. అవ్వ గొంగళ్లు పరిసింది. అమ్మ బడిల పప్పు దించి, గంజు మూత పెట్టి, "నేను గూడ చూస్త" అని కొంగుతోని చేతులు తుడుసుకుంట వచ్చింది. నాయిన గొర్లను అటే గుట్ట కింద మేపుతుండె, కట్టె మీద గదవ ఆనిచ్చి కంప అవతల నిలబడ్డడు.

కూత వినబడ్డది. అందరం తెర దిక్కు వంగినం. తెర మీద గీత నిదురపోయినట్టు సాపుగ ఉన్నది.

గా తర్వాత నేల రోజు లెక్క వణకలే, ఊగింది. కూసున్న గొంగడి కింద ఎవరో చెయ్యి పెట్టి లేపినట్టయ్యింది. తెర మీద గీత లేసి, కొసల దాంక పొంగి, ఊగి ఊగి, చాలా సేపటికి సల్లబడ్డది. మేం ఈలలేసినం, చప్పట్లు కొట్టినం. గంత పెద్ద గీతను మేం గూడ చూడలే, అక్క గూడ చూడలే. ఆమె ముఖంల నవ్వు లేదు.

మా చప్పట్ల నడుమ ఇంకొక సప్పుడు వినబడ్డది. బడి దిక్కు నుంచి దుమ్ము లేసింది.

ఎనుక గోడ మొత్తం కూలింది. దాని ఎంబడే కప్పు గూడ వచ్చి వరండ మీద పడ్డది. రోజూ మేం తలెలు పట్టుకొని కూసునే జాగ మీద. సారు మా తలల మీద చెయ్యి పెట్టి లెక్కబెట్టిండు. మళ్ల మొదటి నుంచి లెక్కబెట్టిండు. అందరం ఉన్నం. ఆయన అక్కడ్నే గొంగడి మీద కూలబడి, ఏడుస్తున్నడో నవ్వుతున్నడో తెలియకుండ ముఖం కప్పుకున్నడు. నాయిన కంప ఎట్ల దాటిండో తెలియదు, ఇటు నన్ను అటు తమ్ముణ్ణి రెక్కల కింద పెట్టుకున్నడు. ఆయన గుండె కొట్టుకునేది నా చెవికి వినబడ్డది. అమ్మ మాత్రం బడి దిక్కు చూసి గొంతెత్తింది. "నా పప్పు గంజు! అయ్యో, నా పప్పు గంజు!" అందరం నవ్వినం. నవ్వుకుంటనే చాలా మంది ఏడిసిండ్రు.

గా పొద్దుమీకే ఎర్ర టోపీ సారు జీపుల వచ్చిండు. కూలిన గోడ చూసి ఆయన ముఖం గూడ తెల్లబడ్డది, అబద్ధం చెప్పద్దు. గని తెర మీది గీత చూపిస్తె తల అడ్డంగ ఊపిండు.

"ఇదెట్ల నమ్మాలె? ఇన్ని రోజులు పిల్లలు గీడ ఎగురుతున్నరని మీరే చెప్పిండ్రు గద. ఇయ్యాల పిల్లలందరు ఈ వాకిట్లనే ఉండిరి. గిది వాళ్లు ఎగిరిన గీత గాదని ఏం గ్యారంటీ?"

మేం దుంకిన దుంకుళ్లే మా బడి మీదికొచ్చినయి. పిల్లలమంత ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం.

"కాదండీ. ఎగిరితే గీత ఇలా రాదు. దేని రూపం దానిదే" అన్నది అక్క.

"కాగితం మీద ఎన్నైనా చెప్పొచ్చు" అన్నడు ఆయన.

అప్పటిదాంక అరుగు మీద కూసున్న అవ్వ లేసింది. చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు చెక్కుకున్నది. "గట్లయితె దుంకుదాం రా, సారూ. మేం ఎంత దుంకితె గుట్ట అంత ఊగుతదో చూద్దాం. ఓ పిల్లగాండ్లూ, ఇన్ని రోజులు వద్దంటె దుంకితిరి, ఇప్పుడు దుంకుండ్రి!"

అట్ల మా ఊరు దుంకింది. ముందు పిల్లలం దుంకినం. తర్వాత అమ్మ దుంకింది, సారు దుంకిండు, గోడ చూడనీకి వచ్చినోళ్లంత వాకిట్లకొచ్చి దుంకిండ్రు. డప్పు తాత దరువేసిండు, దాంతోని కాళ్లు ఆగలే. నాయిన దొడ్డి కంప తీసి గొర్లను వాకిట్లకెళ్లి ఉరికిచ్చిండు. పెద్ద పొట్టేలు మంచం మీదికెళ్లి దుంకింది. చలికాలం పొద్దుల దుమ్ము బంగారం లెక్క లేసింది. అవ్వ ఎర్ర టోపీ సారు చెయ్యి పట్టుకొని గుంజింది. "నువ్వు గూడ దుంకు బిడ్డా. నువ్వు లావున్నవు, నీ గీత పెద్దగొస్తది." ఆయన సిగ్గుపడుకుంట ఒకసారి దుంకిండు. టోపీ ఊడి దొర్లింది. మా తమ్ముడు దాన్ని పెట్టుకొని ఇంకింత దుంకిండు.

అలిసిపోయి ఆగినంక అక్క రెండు గీతలు పక్కపక్కన పెట్టి చూపింది. మా దుంకుళ్లు తుమ్మముండ్ల లెక్క వచ్చినయి. కొన్ని పొడుగ్గనే ఉన్నయి, గని లేసినట్టే లేసి అక్కడ్నే విరిగినయి. పగటాల్ల గీత అట్ల లేదు. వరద వచ్చిన వాగు లెక్క పొంగి, మెల్లగ తీసింది. చదువు రాని మా అవ్వకు గూడ తేడా కనబడ్డది.

ఎర్ర టోపీ సారు శానాసేపు చూసిండు. తమ్ముని నెత్తి మీది టోపీ తీసుకోనీకి వంగి, "బ్లాస్టుదే" అన్నడు. అదే మాట మా సారుతోని మళ్లొకసారి గట్టిగ అన్నడు. "మాదే సార్."

కొన్ని దినాలు పేలుళ్లు ఆగినయి. మళ్ల మొదలైనా మందు తగ్గించిండ్రు, చెంబుల నీళ్లు కదిలీ కదలనట్టు ఉండేవి. ఊరికి అవతలి దిక్కు కొత్త బడికి ముగ్గు పోసిండ్రు. గని అది లేసేదాంక బడి యాడ పెట్టాలె? ఊళ్లె గంతమంది పిల్లలు పట్టే జాగ లేదు. అందరు తలా ఒక మాట అంటుంటె నాయిన గొంతు సవరిచ్చుకున్నడు.

"పగటీలి గొర్లు నాతోనే ఉంటయి గద. మా దొడ్డి ఖాళీగనే ఉంటది. జర ఊడ్సుకుంటె సాలు."

నేను నాయిన ముఖం చూసిన. ఆయన నా దిక్కు చూడలే, కంప సర్దుకుంట నిలబడ్డడు. గా పూట నేను ఎన్ని రొట్టెలు తిన్ననో అవ్వ శానా దినాలు చెప్పుకున్నది.

అట్ల గా చలికాలమంత మేం గొర్ల దొడ్డిల చదువుకున్నం. పొద్దుగాల గొర్లు అటు పోతుంటె మేం ఇటు వచ్చేది. అవ్వ, అమ్మ ఊడ్సి పెండనీళ్ల సాంపి చల్లితె నేల ఎచ్చగ, మెత్తగ ఉండేది. సారు నల్లబల్లను తుమ్మమొద్దుకు ఆనిచ్చేటోడు. పాలు తాగే గొర్రెపిల్లలు మందెంబడి పోలేవు, అవి మాతోనే ఉండేవి. సారు హాజరు పిలుస్తుంటె మేం జవాబు చెప్పకముందే అవి "మే" అనేవి. ఒకటి సారు చేతిల సుద్దముక్క నమిలింది. ఇంకొకటి నా ఒళ్లె పండుకుంటె దాని మీదనే పలక పెట్టుకొని రాసేదాన్ని. అంతకుముందు కొందరు పిల్లలు నన్ను "గొర్రె వాసన" అని ఎక్కిరిచ్చేటోళ్లు. దొడ్డి బడి మొదలైనంక ఊళ్లె అన్ని ఇండ్ల పిల్లల మీద ఒక్కటే వాసన. ఎవరు ఎవర్ని ఎక్కిరియ్యాలె?

మిషనక్క పని అయిపోయి పోయే రోజు అవ్వ ఆమె భుజం మీద కొత్త గొంగడి కప్పింది. ఆటో తయారుగ ఉన్నది. అక్క ముక్కు ఎగబీల్చుకుంట, "పోయొస్త అవ్వా. పాణం బాగ చూసుకో, జర పైలం" అన్నది.

అవ్వ రెండు చేతులు జోడిచ్చింది. "మంచిదండీ. మళ్లీ రండీ" అన్నది.

ఇద్దరు ఒకరి మాట ఒకరు ఎత్తుకున్నరని మాకు తర్వాత తెలిసి నవ్వినం. ఆటో పోయినంక అవ్వ శానాసేపు వాకిట్ల ములుకులు గుచ్చిన మూడు తొర్రలను చూసుకుంట కూసున్నది.

తర్వాత ఏండ్లల్ల సొరంగం పూర్తయ్యింది. నీళ్లు నిజంగనే వచ్చినయి. గా రోజు అవ్వ కాలువ గట్టు దిగి మోకాళ్ల దాంక నీళ్లల్ల నిలబడి, "సల్లగున్నయి" అన్నది, ఇంకేం అనలే. ఆ మరుసటి ఏడు అవ్వ పోయింది. కాలువ మా ఇంటి పక్కనుంచే తీసిండ్రు గాబట్టి మేం కొత్త బడి దిక్కు ఇల్లు కట్టుకున్నం. నీళ్లొచ్చినంక బీళ్లన్ని పొలాలయినయి. మేపనీకి జాగ లేక నాయిన గొర్లను కొన్ని కొన్ని అమ్ముకుంట వచ్చిండు. పొట్టేలును అమ్మిన రోజు ఇంట్ల పొయ్యి ఎలిగియ్యలే. గని ఇప్పుడు నాయిన వరి పండిస్తడు, మంచిగనే పండిస్తడు. నీళ్లొద్దని, గా బీళ్లే బాగుండెనని ఎట్లంట? రెండూ నాకు కావాలె. రెండూ ఒక్కకాడ ఉండవు.

మొన్న దసరకు పోయినప్పుడు నాయిన నన్ను బండి మీద పొలం దిక్కు తోలుకపోయిండు. కాలువ దాటినంక ఒక మడి కాడ ఆపిండు. చుట్టుపక్కల మడులకంటె గది నల్లగ, ఏపుగ ఉన్నది. గాలికి కంకులు ఊగుతున్నయి.

"గీ మడి ఏదో గుర్తువట్టినవా?" అన్నడు.

గుట్టను చూసి లెక్కగట్టుకున్న. మా దొడ్డి జాగ.

"గీడ మందు సల్లేది లేదు, ఎరువు ఏసేది లేదు. ఎందుకు గింత బలం అంటరు అందరు. ఎన్నేండ్ల గొర్ల పెంటికలు కిందున్నయి మరి. పైన మీ చదువులున్నయి."

"అయితె గీ బియ్యం తిన్నోళ్లకు లెక్కలు మంచిగొస్తయా, నాయిన?"

నాయిన ఆలోచన చేసిండు. "రావు" అన్నడు. "మీ తమ్ముడు రోజూ అవే తింటున్నడు, మొన్న మళ్ల లెక్కల్లనే పోయిండు."

ఇద్దరం గట్టు మీద నిలబడి కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వినం. నవ్వు ఆగినంక నాయిన మడిల దిగి, ఒక కంకి తెంపి అరచేతిల నలిపి, పొట్టు ఊది, గింజలు నా చేతిల పోసిండు. పచ్చిగింజలు, పాలు పాలుగ ఉన్నయి. నములుకుంటనే బండెక్కిన.